రెండు తీగల మధ్య బొట్టు

సారు పోయారన్న కబురు నాకు పరీక్ష హాల్లో ఉండగా తెలిసింది. ఇంటర్నల్స్ నడుస్తున్నాయి. చేతిసంచీలో ఫోన్ వణికింది, ఆగింది, మళ్లీ వణికింది. వరండాలోకి వెళ్లి ఎత్తాను. సారు భార్య. నేనామెను మేడంగారూ అంటాను. "మీ సారు వెళ్లిపోయారమ్మా. పొద్దున లేచి కాఫీ అడిగారు. తెచ్చేలోపే..." అని ఆగారు. ఆమె వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినబడింది. "నువ్వు డ్యూటీలో ఉంటావు కదా, అది అయ్యాకే రా. పిల్లలు రాస్తూ ఉంటారు" అన్నారు. భర్త పోయిన పూట కూడా ఆమె నా డ్యూటీ గుర్తుపెట్టుకున్నారు. సరేనన్నాను.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ వరండా మెట్ల మీదే కూలబడి కాసేపు కళ్లు మూసుకోవాలనిపించింది, అంతే. అలసట అలాంటిది, అది దుఃఖాన్ని కూడా లైన్లో నిలబెడుతుంది. తర్వాత వచ్చిన ఆలోచన ఇంకా దిక్కుమాలినది. ఇప్పుడు నా థీసిస్ సంగతేమిటి?

మీకు విషయం చెప్పాలి. సారు నా పీహెచ్‌డీ గైడ్. నేను శంషాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లను పెంచుకుంటూ, బాపును దవాఖానలకు తిప్పుకుంటూ చేసిన పీహెచ్‌డీ నాది. నాతో మొదలుపెట్టినవాళ్లంతా ఎప్పుడో డాక్టర్లయిపోయారు. యూనివర్సిటీవాళ్లు ఇచ్చిన గడువు అయిపోయి, పొడిగించిన గడువు కూడా అయిపోయి, చిట్టచివరిది నడుస్తోంది. ఈలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషనే పోతుంది. డాక్టరేట్ లేనివాళ్లను వచ్చే ఏడు ఉంచుకోలేమని కాలేజీవాళ్లు ముందే మొహమాటం లేకుండా చెప్పేశారు. అలాంటి సమయంలో సారు పోయారు.

ఆయన పేరు పేపర్లో పడే రకం కాదు. గుంటూరు వైపు మనిషి. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి యూనివర్సిటీలోనే తల నెరిసి, రిటైరయ్యాక శంషాబాద్‌లో చిన్న ఫ్లాట్ కొనుక్కున్నారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక మా కాలేజీకి వచ్చి, స్టోర్ రూమ్‌గా పడి ఉన్న ఒక గదిని అడిగి తీసుకుని ల్యాబ్ చేశారు. ఇన్నేళ్లు హైదరాబాద్‌లో ఉన్నా మాట మాత్రం మారలేదు. మాది ఆ పక్కనే ఉన్న తొండుపల్లి. నేను "గట్లనే సార్" అంటే ఆయన "అలాగేనమ్మా" అని దాన్ని తన భాషలోకి మార్చుకుని మరీ వినేవారు.

ఆయన జీవితమంతా చేసిన పని ఒక్కటే. గాజులోంచీ స్ఫటికాల్లోంచీ కరెంటు ఎంత పోతుందో కొలవడం. నేను ఆయన దగ్గర చేరిన కొత్తలో నాకు జ్వరమొస్తే చూడ్డానికి మా ఇంటికొచ్చారు. మా బాపు ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, మనసులో చాన్నాళ్లుగా ఉన్న మాట అడిగేశాడు.

"ఏంది సారూ, మా బిడ్డ రోజూ గాజు ముక్కకు కరెంటు పెడ్తున్న అంటది. గాజుల నుంచి కరెంటు పోదని మా ఊర్ల చిన్న పోరగాళ్లు గూడ చెప్తరు. మరి మీరు సూసేదేంది?"

"పోదనే అందరూ అంటారండీ. ఎంత పోదో మేం చూస్తున్నాం" అన్నారు సారు.

"పోనిదాన్ని కొలుసుడేంది సారూ!" అని బాపు పగలబడి నవ్వాడు.

సారు నొచ్చుకోలేదు. కాస్త ఆలోచించి, "మడికి ఒడ్డు వేస్తారు కదండీ, నీళ్లు పోకుండా. అయినా ఒడ్డుకి అవతలి పక్క మన్ను పట్టుకుంటే?" అని అడిగారు.

"నెమ్ముంటది."

"ఆ నెమ్ము ఎంతో కొలుస్తామండీ. ఎండ ముదిరితే ఎంత, తగ్గితే ఎంత, మన్నులో ఏం కలిపితే ఎంత. అదే మా పని."

"గిట్ల చెప్తె సమజైతది గదా" అని బాపు నావైపు గుర్రుగా చూశాడు, ఇన్నాళ్లూ నేనేదో దాచిపెట్టినట్టు. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరడిగినా "మా బిడ్డ నెమ్ము సదువు సదువుతున్నది" అని చెప్పడం మొదలుపెట్టాడు.

క్లాసులో పాఠం చెప్పడం కూడా నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కరెంటును పోనివ్వని పదార్థాన్ని డైఎలెక్ట్రిక్ అంటారు, ఆ మాట వింటేనే పిల్లలకు నిద్రొస్తుంది. సారు ఆ మాట ఎత్తకుండా శంషాబాద్ నుంచి ఆరాంఘర్ పోయే బస్సు ఎక్కించేవారు. "బస్సు కిక్కిరిసి ఉందమ్మా. తలుపు దాకా ఒక్కడూ వెళ్లలేడు. అంటే కరెంటు పోదు. కానీ డ్రైవరు బ్రేకు వేశాడనుకో. ఎవరూ దిగరు, అందరూ ముందుకు వాలతారు. ఆ వాలడమే మనం కొలిచేది." వెనక బెంచీ నుంచి ఎవరో, "డ్రైవర్ ఊకె బ్రేక్ కొడ్తుంటే సార్?" అన్నారు. సారు ముఖం వెలిగిపోయింది. "అదీ ప్రశ్న! మరీ తొందరతొందరగా కొడితే సన్నటివాళ్లు ఊగుతారు గానీ, పాలక్యాన్లు పట్టుకున్న లావుపాటాయన ఊగడు. ఆయన కదిలేలోపే బ్రేకు వదిలేస్తాడు కదా. ఫ్రీక్వెన్సీ పెంచితే జరిగేది అదే." ఇప్పటికీ నేను ఆ పాఠం అట్లాగే చెబుతాను. పాలక్యాన్లాయన దగ్గర క్లాసు నవ్వుతుంది, నేను మాత్రం బోర్డు వైపు తిరుగుతాను.

ఆయన అలవాట్లు చెప్పాలంటే ముందు మూకుడు గురించి చెప్పాలి. మేం చేసే గాజుకు తేమ పడదు. ఆరబెట్టే నీలం గింజలు వేసిన గాజు పెట్టెలో దాచాలి. గింజలు తేమ పీల్చుకుని గులాబీ రంగుకు తిరిగాయంటే వాటిని వేయించాలి. దానికోసం సారు ఇంట్లోంచి ఒక ఇనప మూకుడు తెచ్చి పెట్టుకున్నారు. హీటరు మీద గింజలు పోసి, పొడుగాటి గరిటెతో తిప్పుతూ, అవి మళ్లీ నీలమయ్యేదాకా కదిలేవారు కాదు. నేను చేస్తానన్నా ఇచ్చేవారు కాదు. "ఇంట్లో వంటగదిలోకి రానివ్వరు, ఇక్కడైనా వేయించనీ" అనేవారు. మేడంగారు మాత్రం ఆ మూకుడు పోయినందుకు చివరిదాకా దెప్పారు.

గాజు పోసే రోజు ఇంకో మనిషి. పొడులన్నీ కల్వంలో నూరి, ఫర్నేస్‌లో కరిగించి, ఎర్రగా తేనెలా జారే దాన్ని ఇత్తడి పలక మీద పోసి, పైన ఇంకో పలకతో అదమాలి. అదిమీ అదమగానే తీసి, కాస్త వేడిగా ఉండే ఇంకో ఫర్నేస్‌లో పెట్టి, నిదానంగా చల్లారనివ్వాలి. తొందరపడితే చిట్లిపోతుంది. మా నెత్తి మీద నుంచి విమానాలు దిగుతూనే ఉంటాయి, కిటికీ అద్దాలు గలగలమంటూనే ఉంటాయి. ఆయన తల ఎత్తరు. ఒకసారి చిట్లిన గాజును చూసి నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే, "నువ్వు వీణ్ణి అలసిపోనిచ్చావు, విశ్రాంతి ఇవ్వలేదు. అందుకే పగిలాడు" అన్నారు. ఆయనకు గాజు ఎప్పుడూ "వీడే". తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "నువ్వూ ఇంటికి పోమ్మా, నీకూ అదే జబ్బు" అన్నారు. అంత పెద్ద మనిషి నా మొహం చూసి నిద్ర లేదని కనిపెట్టినందుకు బస్సులో దారంతా ఏడ్చాను.

ఇక అసలు సంగతికి వస్తాను. నా థీసిస్‌లో గాజులు ఐదు. ఒక్కోదానిలో కలిపే పాళ్లు వేరు. ఒక్కో గాజు బిళ్లకూ రెండు ముఖాల మీద వెండి పూత పూసి, హోల్డర్‌లో పెట్టి, ఫర్నేస్‌లోకి దించి, వేడి పెంచుతూ కరెంటు కొలవాలి. హోల్డరంటే మరేం కాదు, బిళ్లను స్ప్రింగుతో ఒత్తిపట్టే కడ్డీ. దాని పైకొనకు పింగాణీ బిళ్ల ఒకటి ఉంటుంది. అది ఫర్నేస్ మూతి మీద, బయటే ఉంటుంది. కొలిచే తీగలు రెండూ అందులోంచే బయటికొస్తాయి.

మామూలుగా వేడి పెరిగేకొద్దీ గాజులో కరెంటు ఒక పద్ధతిగా పెరుగుతుంది. గీత గీస్తే తిన్నగా వస్తుంది. నా మొదటి గాజుకు అలా రాలేదు. మొదట్లో ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువగా ఉండి, మధ్యలో పడిపోయి, మళ్లీ తిన్నగా నడిచింది. గీతకు గూని లేచింది. రెండో గాజుకూ అంతే. మా ల్యాబ్‌లో దానికి గూని అనే పేరు స్థిరపడిపోయింది.

ఆ గూని చూసి మేమెంత మురిసిపోయామో! మా హెచ్‌ఓడీ వచ్చి, "మేడం, ఇది పెద్ద జర్నల్‌ల పడ్తది సూడున్రి" అని కాలేజీ అంతా చాటారు. సారు కూడా మురిసిపోయారు, దాచడమెందుకు. గాజులో అయాన్లు జంటలు కట్టి, వేడికి విడిపోతున్నాయేమోనని బోర్డు నిండా రాశారు. మర్నాడు పూతరేకులు తెచ్చారు. నాకైతే బతుకులో మొదటిసారి ఊపిరాడింది. ఇన్నేళ్ల చాకిరీకి ఏదో ఒకటి దక్కిందని రాత్రి హాయిగా పడుకున్నాను.

ఐదో గాజుకు కూడా గూని వచ్చింది. సారు ఐదు గీతలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆపైన అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "ఐదుగురు పిల్లలూ వేరు వేరు తల్లుల కడుపున పుట్టారమ్మా. అందరికీ ఒకేచోట ఒకే మచ్చ ఉంది. అలాంటప్పుడు పిల్లల్ని కాదు, మంత్రసాని చేతిని చూడాలి."

గాజు పెట్టకుండా ఖాళీ హోల్డర్‌ను ఫర్నేస్‌లోకి దించమన్నారు. అప్పుడప్పుడూ అలా ఖాళీగా తీసి చూడాలని ఆయనే చెప్పేవారు. ఆయన గుండె జబ్బుతో ఆసుపత్రి చుట్టూ తిరగడంలో, నేను క్లాసుల మధ్య పరుగులు తీయడంలో ఆ ఏడు ఆ పని వెనకపడింది. దించాం. లోపల ఏమీ లేదు. గీత మాత్రం వచ్చింది. గూనితో సహా వచ్చింది.

సారు కళ్లద్దాలు తుడుచుకుని, పింగాణీ బిళ్ల దగ్గరికి ముఖం పెట్టి చూశారు. రెండు తీగల నడుమ పసుపు, దాని మీద కుంకుమ. ఏడాదికేడాది పొరలు పొరలుగా పెట్టిన బొట్టు. దసరాకు మా దగ్గర ఆయుధపూజ చేయని చోటుందా? ఆటోకు పెడతారు, బస్సుకు పెడతారు, ఎయిర్‌పోర్టులో సామాను మోసే బండ్లకూ పెడతారు. మా ల్యాబ్‌లో సారే స్నానం చేసి వచ్చి, చెప్పులు బయట విడిచి, ప్రతి యంత్రానికీ పెట్టేవారు. హోల్డర్‌కు ఎక్కడ పెడతారు? ఆ తెల్లటి బిళ్ల, రెండు పక్కలా రెండు తీగలు, అచ్చం ముఖంలా ఉంటుంది. ఎవరి చెయ్యైనా రెండు కళ్ల నడుమకే పోతుంది. ఆ బొట్టు తేమ పీల్చుకుని తీగ నుంచి తీగకు దొంగదారి వేసింది. ఫర్నేస్ వేడెక్కి పింగాణీ బిళ్ల ఆరేసరికి దారి మూసుకుపోయింది. తెల్లారేసరికి మళ్లీ తేమ. మా గూని అదే. అయాన్లూ లేవు, జంటలూ లేవు.

స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే మొదట ఎర్రగా, తర్వాత పచ్చగా వచ్చింది. మళ్లీ ఖాళీగా దించాం. ఈసారి గీతలో గూని లేదు.

సారు స్టూలు మీద కూర్చుని తన కుడిచేతి ఉంగరం వేలు చూసుకున్నారు. కాసేపటికి నవ్వారు. "ఇన్నేళ్ల సర్వీసులో నాకు నేను పెట్టుకున్న బొట్టు ఇదమ్మా" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. ఐదు గాజులూ మళ్లీ నున్నగా చెయ్యాలి, మళ్లీ వెండి పూయాలి, ఒక్కో ఫ్రీక్వెన్సీకీ మళ్లీ కొలవాలి. గడువు చూస్తే ముంచుకొస్తోంది.

"సార్, ఇగ నాతోని కాదు" అన్నాను. "ఎవలకు తెలుస్తది సార్? మీకూ నాకూ తప్ప ఈ దునియాల ఎవలకు తెలుస్తది?"

"మనిద్దరికీ తెలుసు కదమ్మా. ఇద్దరంటే తక్కువా?"

"మీకేం సార్, రిటైరైన్రు. నా నౌకరీ పోతది."

ఆయన కోప్పడలేదు. "ఇవాళ నువ్వేమీ చెయ్యలేవు. ఇంటికి పోయి పడుకో. రేపు మాట్లాడదాం" అన్నారు. మర్నాడు నేను వెళ్లేసరికి ఆయన అప్పటికే వచ్చి, ఎమరీ కాగితం మీద మొదటి గాజును అరగదీస్తున్నారు. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, ఊలు మఫ్లరు చుట్టుకుని, నిదానంగా గుండ్రంగా తిప్పుతూ రుద్దుతున్నారు. ఆ చేతిలోంచి బిళ్ల లాక్కుని నేను రుద్దడం మొదలుపెట్టాను. మాట్లాడుకునే ఓపిక ఇద్దరికీ లేదు.

ఆ నెలలన్నీ నాకు ఒకే పొడవాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. క్లాసు, ల్యాబ్, క్లాసు, ల్యాబ్. సారు ఒకరోజు వస్తే రెండు రోజులు రాలేకపోయేవారు. వచ్చిన రోజు గోడకానుకుని కూర్చుని, నేను చదివే అంకెలు కళ్లు మూసుకుని వినేవారు. ఐదు గీతలూ తిన్నగా వచ్చాయి. అందరి గాజులకూ వచ్చేలాంటి, ఎవరూ రెండోసారి చూడని గీతలు.

"కొండను తవ్వి ఎలుకను పట్టినం సార్" అన్నాను.

"ఎలుక నిజమైనదే కదా" అన్నారు. "అదివరకు పట్టింది ఏనుగే గానీ, బొమ్మ ఏనుగు."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. థీసిస్‌లో ఆ గూని గురించి కూడా ఒక అధ్యాయం ఉండాలన్నారు. తప్పుడు గీత, అది ఎందుకు వచ్చింది, ఎలా పట్టుకున్నాం, అన్నీ. "ఈ దేశంలో ప్రతి ల్యాబ్‌లోనూ దసరాకు బొట్టు పెడతారమ్మా. ఇంకో పిల్ల ఇలాగే ఏళ్లు పోగొట్టుకోకూడదు" అన్నారు. అంటే ఇకనుంచి బొట్టు పెట్టొద్దా సార్ అనడిగితే, "బొట్టుది తప్పు కాదు, పెట్టిన చోటుది. టేబులుకు పెట్టుకుందాం, టేబులు ఏమీ కొలవదుగా" అన్నారు.

నేను రాశాను. ఇంగ్లీషులో ఒక సౌకర్యం ఉంది, ఎవరు చేశారో చెప్పకుండా పని జరిగిపోయినట్టు రాసెయ్యొచ్చు. అలాగే రాశాను, బొట్టు తనంతట తాను వచ్చి అంటుకున్నట్టు. ఆసుపత్రి మంచం మీద ఆయన ఆ పేజీ చదివి, పెన్ను అడిగి, ఆ వాక్యం కొట్టేసి, "గైడ్ పెట్టారు" అని మార్చారు. చెయ్యి వణికి అక్షరాలు వంకరగా పడ్డాయి. "నీ మీదికి రాకూడదమ్మా ఇది" అన్నారు. నేను ఆయన్ను ప్రాణంతో చూడటం అదే ఆఖరుసారి అవుతుందని అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే కాసేపు ఎక్కువ కూర్చునేదాన్ని. ఆ సాయంత్రం బస్సు కోసం తొందరపడ్డాను, ఆయన్ను ఇంటికి పంపేశాక కూడా వెళ్లలేకపోయాను.

ఆయన పోయాక యూనివర్సిటీ నియమం ప్రకారం మా హెచ్‌ఓడీ నాకు గైడయ్యారు. చెడ్డమనిషి కాదు, ఇక్కడే పక్కనున్న సాతంరాయిలో పుట్టి పెరిగినాయన, సారంటే గౌరవం. థీసిస్ చదివి నన్ను గదిలోకి పిలిచారు.

"మేడం, ఈ అధ్యాయం తీసెయ్యున్రి. పెద్దాయన పోయి పట్టుమని నెల గాలే. గాయన తప్పు చేసిండని గిట్ల అచ్చు వేస్తమా? అందరు నవ్వరా? బొట్టు మీద రాసిన్రని రేపు ఇంకోడు లొల్లి పెడ్తడు. గిది లేకున్నా మీ డిగ్రీకి ఏం గాదు. ఉంటేనే పరేషాన్."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన సంతకం లేకుండా నా థీసిస్ గడప దాటదు. తీసేస్తే గడువులోగా ఇచ్చేస్తాను, ఉద్యోగం నిలబడుతుంది, సారు పేరు మీద మచ్చ కూడా పడదు. రెండు మూడు రోజులు ఆ పేజీలు తీశాను, పెట్టాను, తీశాను. చివరికి, సారు పేరు ఇప్పుడు ఎవరి సొత్తో వాళ్లనే అడుగుదామని మేడంగారి దగ్గరికి వెళ్లాను.

కర్మలన్నీ అయిపోయి ఇల్లు బోసిగా ఉంది. ఆమె నుదుటన చిన్న బొట్టు అలాగే ఉంది. ఎవరేమన్నారో నేనడగలేదు. విషయమంతా చెప్పాను. ఆమెకు సారు ఒక్క ముక్కైనా చెప్పలేదట.

"ఇంట్లోనూ అంతేనమ్మా" అన్నారు. "ఒకసారి చుట్టాలొచ్చిన రోజు సాయం చేస్తానని సాంబారులో రెండోసారి ఉప్పు వేశారు. నేనే వేశాననుకుంటారులే అని ఊరుకోబోతే, గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ఉప్పు ఎక్కువ వేసింది నేనండీ అని చెప్పి మరీ వడ్డించారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పేజీలు తీసేస్తే నీ థీసిస్‌లో ఇక ఆయన ఎక్కడున్నారు?" ఆగి, నా చెయ్యి పట్టుకున్నారు. "కానీ నీ ఉద్యోగం నీది. ఆయన కోసమని నువ్వు రోడ్డున పడొద్దు. అదీ ఆయనకు నచ్చదు."

ఇల్లు చేరేదాకా ఆలోచించాను. ధైర్యమేమీ రాలేదు. ధైర్యం చెయ్యడానికి కూడా కొంత ఓపిక కావాలి కదా. కానీ ఆ వంకర అక్షరాలు కొట్టేసే ఓపిక అంతకన్నా లేదని తెలిసింది. మర్నాడు పొద్దున్నే హెచ్‌ఓడీ గదికి పోయి, "సార్, అది గట్లనే ఉంటది. మీరు సంతకం పెట్టకుంటే మీ ఇష్టం, నేనేమనను" అన్నాను. ఆయన నన్నూ, కాగితాలనూ మార్చి మార్చి చూశారు. "ముసలాయన మొండితనం నీకు అంటిచ్చి పోయిండు" అని పెన్ను తీశారు. "రేపు వైవాల గట్టిగ అడిగితే నేను మాట్లాడ, నువ్వే చెప్పుకోవాలె" అన్నారు. సరేనన్నాను.

వైవా రోజు మేడంగారు వచ్చారు. ఎవరూ పిలవలేదు, నేనూ పిలవలేదు. తెల్ల నూలు చీరలో వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. ఎగ్జామినర్‌గా వచ్చినాయన బయటి ఊరి ప్రొఫెసర్. ముక్కుసూటి మనిషని పేరు. తిన్నటి గీతలను గబగబా దాటించేసి, "ఆ చాప్టర్ పెట్టండి" అన్నారు. గోడ మీద గూని గీత వేశాను. ఉన్నదున్నట్టు అంతా చెప్పాను, పసుపు, కుంకుమ, రెండు తీగలు, ఖాళీ హోల్డర్. ఎవరు పెట్టారని అడిగారు. మా గైడ్ అన్నాను. ఎక్కడ ఆయన అని అడిగారు. పోయారన్నాను.

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎగ్జామినర్ నవ్వలేదు. గోడ వంక చూస్తూ కుర్చీలో అసహనంగా కదిలారు. "ఒక్క నిమిషం" అని ఫోన్ తీసుకుని, తన ల్యాబ్‌కు కలుపుతూ తలుపు దగ్గరికి వెళ్లారు. ఆయన గొంతు పెద్దది, అందరికీ వినబడింది. "హోల్డర్ ఖాళీగా పెట్టి ఒక రన్ తియ్యండి. అవును, ఇవాళే. ముందు తుడవొద్దు, అలాగే పెట్టండి. ఎందుకని అడక్కండి, తియ్యండి ముందు."

తిరిగొచ్చి ఆయన ఇంకేమీ అడగలేదు. డిగ్రీకి సిఫారసు చేస్తున్నానని చెప్పారు. గదిలోవాళ్లు చప్పట్లు కొట్టారు. హెచ్‌ఓడీ నా భుజం తట్టి, "అయిపోయింది గదా, ఇగ నిద్రపో" అన్నారు. అందరూ పక్క గదిలోకి టీకి లేచారు.

నేను వైర్లు తీయబోతుంటే మేడంగారు మెల్లగా ముందుకు వచ్చారు. గోడ దాకా వెళ్లి నిలబడ్డారు. ప్రొజెక్టర్ వెలుతురు ఆమె చీర మీద పడి, గీత అక్కడ కొంచెం వంగింది. వేలెత్తి గూనిని చూపించారు.

"ఇదేనా అమ్మా, ఆయన పెట్టింది?"

"అవును మేడంగారూ."

పక్క గదిలో కప్పుల చప్పుడు. నేను స్విచ్ దగ్గర చెయ్యి పెట్టి ఆగాను. ఆమె వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"ఇంకాసేపు ఉంచు."